మార్కుకు ముప్పై మాటలు

పుస్తకం ముందు పెట్టుకుని, 24 గంటల గడువుతో, మన గదిలో మనం కూర్చుని రాసే పరీక్షలో ఎవరైనా ఫెయిలవుతారా? అవుతారు. అదీ 100కు 45 వస్తే పాసయ్యే పరీక్షలో.

గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగ ప్రకటనలు చూసేవాళ్లకు నెబోష్ ఐజీసీ (ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్) అన్న మాట కొత్త కాదు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి వెళ్లి స్కాఫోల్డింగ్ పనిలోనో, వెల్డింగ్ దగ్గర ఫైర్ వాచ్‌గానో చేరినవాళ్లు ఒక మెట్టు పైకెక్కాలనుకుంటే ముందుగా కనబడే మెట్టు ఇదే. నెబోష్ అనేది 1979లో బ్రిటన్‌లో మొదలైన పరీక్షల బోర్డు. క్లాసులు చెప్పేది దాని గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలు. పేపరు, మార్కులు, సర్టిఫికెట్ మాత్రం బోర్డువి. స్థాయి చూస్తే బ్రిటన్‌లో ఏ-లెవెల్‌కు, అంటే దాదాపు మన ఇంటర్‌కు సమానం. ఇంటర్ స్థాయి పరీక్షలో ఇంజినీర్లు కూడా తప్పుతున్నారంటే, వాళ్లకు తెలియనిది సబ్జెక్టు కాదు. పేపరు ఏమడుగుతుందో తెలియదు. ఈ కథనం దాని గురించే. ఇందులో అంకెలు కాస్త ఎక్కువ ఉంటాయి, ఓపిక పట్టండి.

సిలబస్‌లో 11 అధ్యాయాలు. మొదటి 4 ఐజీ1 అనే యూనిట్‌లోకి, మిగతా 7 ఐజీ2లోకి వస్తాయి. ఐజీ1 ఓపెన్ బుక్ పరీక్ష. ఐజీ2లో ఒక నిజమైన పనిచోటుకు వెళ్లి, అక్కడి ప్రమాదాలను అంచనా వేసి నివేదిక రాయాలి. రెండూ 5 ఏళ్లలోపు పాసవ్వాలి. ఐజీ1కు మార్కులుంటాయి: 45 వస్తే పాస్, 65 వస్తే క్రెడిట్, 75 వస్తే డిస్టింక్షన్. ఐజీ2కు మార్కులు లేవు. పాస్, లేదంటే మళ్లీ రాయమని తిప్పి పంపడం, అంతే.

2020కి ముందు ఐజీ1 తరహా పేపరు హాల్లో కూర్చుని రెండు గంటల్లో రాసేవాళ్లు. బట్టీ పట్టినవాడికి అప్పుడు కొంత ఆసరా ఉండేది. కోవిడ్ ఏడాదిలో ఓపెన్ బుక్ వచ్చాక ఆ ఆసరా పోయింది. పుస్తకంలో ఉన్నది అందరి చేతిలోనూ ఉంది కాబట్టి, దాన్ని దించి పెట్టినందుకు మార్కు వేయడంలో అర్థం లేదు. ఇప్పుడు పేపరులో ముందుగా ఒక సినారియో ఇస్తారు. ఒకటి రెండు పేజీల్లో ఒక కంపెనీ కథ, అందులో మనుషులు, వాళ్ల మాటలు, జరిగిన ఘటనలు. ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. జవాబును సినారియోలోని వివరాలతో బలపరచాలని ప్రశ్న కిందే రాసి ఉంటుంది. చాలామంది ఆ వాక్యాన్ని ‘అన్ని ప్రశ్నలకు జవాబులు రాయుము’ లాంటి ఆనవాయితీ మాటగా తీసుకుని దాటేస్తారు. పోయే మార్కుల్లో పెద్ద వాటా అక్కడే పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 100 మార్కుల పేపరుకు సుమారు 3,000 మాటలు రాస్తే చాలని బోర్డు సూచన. అంటే మార్కుకు 30 మాటలు. 10 మార్కుల ప్రశ్నకు 300. ముప్పై మాటలంటే రెండు మూడు ఇంగ్లిష్ వాక్యాలు. అందులో ఒక వాక్యం పాయింట్‌కు, ఇంకో వాక్యం ఆ పాయింట్ సినారియోలో ఎక్కడ కనిపించిందో చెప్పడానికి సరిపోతుంది. మూడో పనికి చోటు లేదు. ‘నేటి ఆధునిక యుగంలో భద్రతకు ఎంతో ప్రాధాన్యం ఉంది’ అన్న పీఠిక రాస్తే ఆ మేరకు ఒక మార్కు చోటు తిని కూర్చుంటుంది.

చిన్న సినారియో నేనే అల్లి చూపిస్తాను. ఒక గోడౌన్‌లో సోమవారం నుంచి ఫోర్క్‌లిఫ్ట్ నుంచి ఆయిల్ కారుతోంది. ప్యాకింగ్ చేసే అమ్మాయి సూపర్‌వైజర్‌కు చెప్పింది. ‘లోడు వెళ్లాక చూద్దాంలే’ అన్నాడాయన. బుధవారం ఒకతను జారి, పక్కనున్న ర్యాక్ పట్టుకుని నిలదొక్కుకున్నాడు, అందరూ నవ్వారు. గురువారం ఇంకొకతను జారాడు, మణికట్టు విరిగింది. మేనేజర్ వచ్చి, ‘కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావ్’ అన్నాడు.

ప్రశ్న: ఈ సంస్థలో భద్రతా సంస్కృతి బాగాలేదని చెప్పే సంకేతాలు ఏవి? (5 మార్కులు)

మొదటి రకం జవాబు ఇలా ఉంటుంది. ‘మేనేజ్‌మెంట్‌కు నిబద్ధత లేదు. కమ్యూనికేషన్ సరిగా లేదు. శిక్షణ లేదు. పర్యవేక్షణ లేదు. ప్రమాదాలు ఎక్కువ.’ అయిదు పాయింట్లూ పుస్తకంలో ఉన్నవే, తప్పని ఎవరూ అనలేరు. కానీ ఈ జవాబును ఏ కంపెనీకి తగిలించినా అతుకుతుంది. అందుకే మార్కులు దాదాపు రావు. పైగా శిక్షణ గురించి సినారియోలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ పాయింట్ గాల్లోంచి వచ్చింది.

రెండో రకం చూడండి. లోడు వెళ్లాక చూద్దామన్నాడంటే సూపర్‌వైజర్‌కు ఉత్పత్తి ముందు, భద్రత తర్వాత. సోమవారం చెప్పిన ఫిర్యాదుకు గురువారం దాకా కదలిక లేదంటే కార్మికుల మాటకు విలువ లేదు. బుధవారం జారినది నియర్ మిస్, అంటే దెబ్బ తగలకుండా తప్పిన ప్రమాదం. దాన్నుంచి ఎవరూ పాఠం నేర్చుకోలేదు, గురువారం ఇంకొకతను జారాడు. తోటివాళ్లు నవ్వారంటే ప్రమాదాన్ని మామూలు సంగతిగా తీసుకునే అలవాటు పడిపోయింది. చివరికి మేనేజర్ కారణం వెతకలేదు, దెబ్బ తిన్నవాడినే తప్పుపట్టాడు. ఇవీ అయిదు పాయింట్లే. ఒక్కోదానికి ఒక రోజు, ఒక మనిషి, ఒక మాట సాక్ష్యంగా ఉన్నాయి. ఇంగ్లిష్ అంతంత మాత్రంగా ఉన్నా ఈ జవాబుకు మార్కులొస్తాయి. తెలుగులో రాసే వీలు లేదు కాబట్టి ఇంగ్లిషే పెద్ద అడ్డంకి అనుకుంటారు మనవాళ్లు. నా ఉద్దేశంలో అది రెండో అడ్డంకి. సినారియోను నిదానంగా చదవకపోవడం మొదటిది.

కాబట్టి సిద్ధమయ్యే పద్ధతి కూడా మారాలి. రెండు నెలలు నోట్స్ చదివి, చివరి వారం ఒక మోడల్ పేపర్ చూసేవాళ్లే ఎక్కువ. నేనైతే తిరగేయమంటాను. మొదటి వారంలోనే బోర్డు ఇచ్చే నమూనా పేపరు తీసి, సినారియో ప్రింట్ చేసుకుని, ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో అది ఏ అధ్యాయానికి చెందుతుందో రాసుకోండి. ఎగ్జామినర్ల నివేదికలు కూడా దొరుకుతాయి. వాటిలో తరచూ కనిపించే ఫిర్యాదు ఒకటే: జవాబులు సినారియోకు అంటకుండా తేలిపోతున్నాయని.

పరీక్ష రోజు టైమ్ లెక్క కూడా తేలికే. 24 గంటలున్నాయి కదా అని 24 గంటలూ రాయనక్కర్లేదు. నాలుగైదు గంటల పని అది. మార్కుకు రెండున్నర నిమిషాల చొప్పున 100 మార్కులకు 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు. సినారియో చదవడానికి ముందు ఒక అరగంట, చివర సరిచూసుకోవడానికి ముప్పావు గంట కలిపినా అయిదున్నర గంటలు దాటదు. మధ్యలో నిద్రపోవచ్చు, పోవాలి కూడా. గడువు బ్రిటన్ టైమ్ ప్రకారం నడుస్తుందని మాత్రం మరవొద్దు. అక్కడ వేసవిలో ఉదయం 11 అయితే మనకు మధ్యాహ్నం 3.30, చలికాలంలో సాయంత్రం 4.30. సౌదీలో ఉన్నవాళ్లు ఇంకో రెండున్నర గంటలు తగ్గించుకోవాలి.

ఐజీ2 వేరే లోకం. కనీసం 10 ప్రమాద కారకాలు గుర్తించాలి, అవి కనీసం 5 రకాలకు చెందాలి. ఆ రకాలన్నీ సిలబస్‌లోని ఆ 7 అధ్యాయాల్లోంచే వస్తాయి. వాటిలో మూడు అచ్చంగా ఆరోగ్యానివి: శారీరక, మానసిక ఆరోగ్యం ఒకటి; కండరాలు, ఎముకలు ఒకటి; రసాయనాలు, సూక్ష్మజీవులు ఒకటి. ఏడింట మూడు ఆరోగ్యానికి ఎందుకిచ్చారో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 2023లో ప్రకటించిన అంచనా చెబుతుంది. పని కారణంగా ప్రపంచంలో ఏటా 29.3 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల్లో పోయేవాళ్లు 3.3 లక్షలు. తక్కిన 26 లక్షలు పని తెచ్చిన జబ్బులవి. ఒకరు పైనుంచి పడి పోతే ఎనిమిది మంది దుమ్ముకో, రసాయనానికో, ఏళ్ల తరబడి గొడ్డు చాకిరీకో మెల్లగా పోతున్నారన్నమాట. సేఫ్టీ అనగానే మన కళ్ల ముందు మెదిలేది హెల్మెట్. నివేదికలోనూ పదికి ఎనిమిది హెల్మెట్ తరహా ప్రమాదాలే రాసి, అయిదు రకాలు నిండక తిప్పించుకునేవాళ్లు ఉంటారు.

మిర్యాలగూడలోనో తాడేపల్లిగూడెంలోనో ఒక రైస్ మిల్లు అనుకుందాం. గేటులోంచి లోపలికి నడవండి. లారీ వెనక్కి వస్తోంది, వెనక సైగ చేసేవాళ్లు లేరు. హమాలీ బస్తా వీపుమీద వేసుకుని, లాట్ (బస్తాల దొంతర) మీదికి ఆనించిన చెక్క పలక ఎక్కుతున్నాడు. లాట్ ఎత్తు పదిహేను అడుగులు, అంచున పట్టుకోవడానికి ఏమీ లేదు. షెడ్‌లోకి వెళితే మాట వినబడదు. మోటారు నుంచి మిషన్‌కు వెళ్లే బెల్ట్‌కు కవచం లేదు. ఎలివేటర్ కింద గొయ్యి తెరిచి ఉంది. గాలిలో ధాన్యపు దుమ్ము ఎండపొడలో కనిపిస్తోంది. స్విచ్ బోర్డు దగ్గర వైరుకు టేపు చుట్టారు. వెనక ఊక కుప్ప, దానికి పది అడుగుల దూరంలో వెల్డింగ్ నడుస్తోంది. గోడౌన్‌లో పురుగు పట్టకుండా ఫాస్ఫీన్ గ్యాస్ విడిచే బిళ్లలు పెట్టారు, తలుపు మీద హెచ్చరిక లేదు. లెక్కపెట్టండి: లారీ, ఎత్తు, బరువు, శబ్దం, బెల్ట్, గొయ్యి, దుమ్ము, వైరు, నిప్పు, గ్యాస్. పది. అధ్యాయాలు చూస్తే ఏడుకు ఏడూ వచ్చేశాయి. ఆఫీసును ఎంచుకుని పది కోసం తంటాలు పడేకంటే ఇలాంటి చోటు మేలు. యజమాని అనుమతి మాత్రం ముందే తీసుకోండి, ఒంటరిగా తిరగకండి.

ఒక్క బస్తానే దగ్గరగా చూద్దాం. కోస్తా జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోల లెక్క. మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించితే వీలైనంత త్వరగా తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన 128వ సిఫారసు. మన దేశ నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనల్లోనూ (1998) మగవాళ్లకు 55, ఆడవాళ్లకు 30 కిలోలే హద్దుగా పెట్టారు. బ్రిటన్ భద్రతా సంస్థ మార్గదర్శకాల్లో అయితే నడుం ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తినప్పుడు మగవాళ్లకు 25 కిలోలు. ఆపైన ఉంటే లోతుగా అంచనా వేయమంటారు. ఇప్పుడు నివేదికలో ‘బరువులు ఎత్తడం వల్ల నడుం నొప్పి రావచ్చు’ అని రాస్తే చాలదు. ఎవరికి, ఎలా హాని జరుగుతుందో రాయాలి: 75 కిలోల బస్తాను ఏటవాలు పలక మీద మోసే హమాలీలకు, వెన్ను వంచి భుజం మీదికి మార్చుకునే క్షణంలో డిస్క్ జారవచ్చు.

తర్వాత అదుపు చర్యలు. ఇక్కడ అయిదు మెట్లున్నాయి: ప్రమాదాన్ని మొత్తంగా తొలగించడం, తక్కువ ప్రమాదం ఉన్నదానితో మార్చడం, యంత్రపరమైన ఏర్పాటు, పని పద్ధతులు, చివరగా పీపీఈ, అంటే ఒంటికి తొడుక్కునే రక్షణ సామగ్రి. మనవాళ్లు కింది మెట్టు మీద మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ‘నడుం బెల్టు ఇవ్వాలి, జాగ్రత్తగా ఎత్తమని చెప్పాలి’ అని రాసి ఊరుకుంటారు. పై మెట్టు నుంచి రండి. కన్వేయర్ పెడితే ఎత్తడమే ఉండదు. అది కుదరదా, బస్తా సైజు తగ్గించండి. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల సంచి ఎలాగూ వాడుకలో ఉంది. ఆ తర్వాత చక్రాల బండి, ఇద్దరు కలిసి ఎత్తడం, షిఫ్టుకు బస్తాల పరిమితి. ప్రతి చర్యకు గడువు, బాధ్యుడి హోదా రాయాలి. ‘యాజమాన్యం’ అంటే ఎవరూ కాదు. ‘మిల్లు మేనేజర్, నెల రోజుల్లో’ అంటే ఒకరు.

శబ్దం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది. రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్స్ హద్దు అనుకుంటే 88 దగ్గర 4 గంటలే ఉండాలి, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో 8 గంటలకు 90 అని ఉంటుంది. అయిదే కదా తేడా అనిపిస్తుంది, కానీ శక్తి లెక్కలో అది మూడు రెట్లకు పైమాటే. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి కొలిచి ఆ అంకెను నివేదికలో అచ్చుగుద్దకండి. ‘చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోంది’ అని రాస్తే అంతకన్నా నమ్మకంగా ఉంటుంది.

పదింటిలోంచి మూడు చర్యలు ఎంచుకుని, ముందు వీటినే ఎందుకు చేయాలో నైతిక, చట్ట, ఆర్థిక కారణాలతో వాదించాలి. నాలుగును అయిదుతో గుణించి 25కు 20 వచ్చిందని రాయడం ఇక్కడ అడగరు. ఎంత అవకాశం, ఎంత తీవ్రత అన్నది మాటల్లో చెప్పాలి. చట్టం దగ్గర పేరుకు ‘ఐఎల్‌ఓ ప్రకారం’ అని వదిలేయకండి. 1981 నాటి 155వ ఒడంబడికలో 16వ అధికరణ యజమాని బాధ్యతల గురించి. అది ఏం చెబుతుందో చదివి, మీ బెల్ట్‌కో బస్తాకో ముడిపెట్టండి. ఇంకో మాట. ఈ భాగంలో చాలామంది భోపాల్ తెస్తారు. తెలుగువాళ్లయితే 2020 మే 7న విశాఖలో స్టైరిన్ పీల్చి 12 మంది పోవడం, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది పోవడం, నిన్న కాక మొన్నన్నట్టున్న 2025 జూన్ 30 నాటి పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడు కూడా రాస్తారు. గుండెలో ఉన్నవి కాబట్టి కలం మీదికి వస్తాయి. తప్పు పట్టను. కానీ ఎగ్జామినర్ అడిగింది మీ మిల్లు గురించి.

ఇక కాపీ సంగతి. పరీక్ష నడుస్తున్న 24 గంటల్లో వాట్సాప్ గ్రూపుల్లో ‘సాల్వ్‌డ్ పేపర్’ అమ్మకానికి వస్తుంది. కొన్నవాళ్లందరి జవాబులూ ఒకేలా ఉంటాయి, పోల్చే సాఫ్ట్‌వేర్ వాటిని పక్కపక్కన పెడుతుంది. దొరికితే ఫలితం రద్దు, నిషేధం కూడా పడవచ్చు. పరీక్ష తర్వాత శిక్షణ సంస్థవాళ్లు వీడియోలో ఒక ముగింపు ఇంటర్వ్యూ చేస్తారు. గుర్తింపు కార్డు చూస్తారు, మీ జవాబు మీరు ఎలా రాశారని అడుగుతారు. దానికి మార్కులు లేవు, కానీ దానికి హాజరు కాకపోతే రాసిన పేపరు లెక్కలోకి రాదు. సొంతంగా రాసినవాడికి అది పది నిమిషాల కబురు. అద్దెకు రాయించుకున్నవాడికి చెమటలు పడతాయి.

డబ్బు కట్టకముందే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఏజెంట్లు చెప్పనిది. ఐజీసీ ఒక్కటి చేతిలో ఉంటే మన దేశంలో చట్టం అడిగే సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు సరిపోదు. ఇక్కడ ఇంజినీరింగ్ లేదా సైన్స్ చదువు, పని అనుభవం, దాని మీద ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా కావాలి. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ అలాంటి ఏడాది కోర్సు నడుపుతుంది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో ఇంకో షరతు ఉంది, నాకు బాగా నచ్చినది: అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష ఆఫీసర్‌కు రావాలి. పోస్టులు కూడా పెరిగే వీలుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 1,000 మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టమంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ దాన్ని 500కు దించింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లోనూ, నిర్మాణ పనుల్లోనూ 250, గనుల్లో 100. గల్ఫ్‌కే వెళ్లాలనుకుంటే ఐజీసీ, ఇక్కడే ఉండాలనుకుంటే డిప్లొమా. రెండూ చేయగలిగితే సరే, వరస మాత్రం ముందు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో చూసుకుని పెట్టుకోండి.

బోర్డు అప్పుడప్పుడు పరీక్ష తీరు మారుస్తుంది కాబట్టి, స్లాట్ బుక్ చేసేముందు దాని సైట్‌లో తాజా గైడ్ చదవండి. శిక్షణ సంస్థ పేరు బోర్డు జాబితాలో ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి. తప్పితే మళ్లీ కట్టాల్సిన ఫీజెంతో కాగితం మీద రాయించుకోండి. ఫలితం రావడానికి 50 పనిదినాల దాకా పడుతుంది, అంటే శని ఆదివారాలు కలుపుకుంటే పది వారాలు. ఈలోగా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి, వీసా ఏజెంట్‌కు అడ్వాన్సు కట్టకండి.